చుట్టంగా వచ్చిన హీరో ఎందుకు చులకనైపోతాడు?



ఈసారి పోస్టు స్కాలర్‌షిప్పుల గురించి కాదు, నోటిఫికేషన్ల గురించీ కాదు. ఇంగ్లిష్ సూపర్‌హీరో సీరియళ్ళ గురించి. "ఇదేం టాపిక్ రా బాబూ, పరీక్షలు పెట్టుకుని" అని పైకి తోసేసే ముందు ఒక్క మాట. ఆగస్టు 9కి మనవాళ్ళు చాలాచోట్ల వేయాలనుకుంటున్న నాటిక సంగతి కూడా ఇందులోనే ఉంది. దానికీ దీనికీ ఏం సంబంధమో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

హాస్టళ్ళలో రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక ఫోను చుట్టూ ఆరుగురం మూగి చూసే సీరీస్‌లు ఏవంటే మనలో సగం మంది 'ఆరో', 'ది ఫ్లాష్' పేర్లే చెప్తారు. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: అమెరికాలో సీడబ్ల్యూ అనే చానల్‌లో 2012 అక్టోబర్‌లో 'ఆరో' మొదలైంది. విల్లంబులు పట్టుకుని నగరాన్ని కాపాడే ఆలివర్ క్వీన్ కథ. 2014లో మెరుపు వేగంతో పరిగెత్తే బ్యారీ ఆలెన్ కథ 'ది ఫ్లాష్' వచ్చింది. తర్వాత 2015లో 'సూపర్‌గర్ల్', 2016లో 'లెజెండ్స్ ఆఫ్ టుమారో', 2019లో 'బ్యాట్‌వుమన్'. ఇవన్నీ ఒకే కుటుంబం కింద లెక్క. ఏడాదికోసారి, ఎక్కువగా ఎనిమిదో తొమ్మిదో ఎపిసోడ్ దగ్గర, చలికాలం సెలవులకి ముందు, అన్ని సీరియళ్ళ హీరోలూ ఒకచోట కలుస్తారు. దాన్నే క్రాసోవర్ అంటారు. మన టీవీ సీరియళ్ళలో 'మహాసంగమం' అని ఊదరగొట్టి, ఒక సీరియల్ కోడలిని ఇంకో సీరియల్ ఇంటి పెళ్ళికి పంపిస్తారు చూడండి, సరిగ్గా అదే. మన దగ్గర పట్టుచీరలు, వాళ్ళ దగ్గర తోలు సూట్లు, అంతే తేడా.

మా ఫిర్యాదు ఏమిటంటే, ఈ మహాసంగమంలో అడుగుపెట్టగానే మనకి తెలిసిన మనిషి మాయమైపోతాడు. మొహం అదే, బట్టలు అవే, నటుడు కూడా అతనే. లోపల మనిషి మాత్రం వేరు. తన సీరియల్లో ఏడాదంతా ఏడ్చి, తప్పులు చేసి, నేర్చుకున్నదంతా గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేసి వచ్చినట్టుంటుంది.

జాన్ డిగుల్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే మాకు అందరికన్నా ఇష్టమైన పాత్ర అతనే. 'ఆరో'లో డిగుల్ అఫ్గానిస్తాన్‌లో యుద్ధం చేసొచ్చిన సైనికుడు. ఆలివర్‌కి అంగరక్షకుడిగా వచ్చి, తమ్ముడి కన్నా ఎక్కువైనవాడు. ఆలివర్ దారి తప్పినప్పుడల్లా "ఇది తప్పు" అని మొహం మీద చెప్పగలిగిన ఒకే ఒక్కడు. సొంత తమ్ముడు ఆండీ శత్రువుల పక్షాన ఉన్నాడని తెలిసి, చివరికి తన చేత్తోనే కాల్చి చంపి, ఆ బరువు మోస్తూ బతికినవాడు. అంత గుండె నిబ్బరం ఉన్న మనిషి.

ఇదే డిగుల్ క్రాసోవర్‌లో ఏం చేస్తాడు? బ్యారీ వేగంగా పరిగెత్తితే నోరు తెరుచుకుని చూస్తాడు. బ్యారీ ఎత్తుకుని తీసుకొస్తే వాంతి చేసుకుంటాడు. మొదటిసారి 2014లో ఆ ఆశ్చర్యం బాగానే ఉంది. మామూలు మనిషి మొదటిసారి అలాంటిది చూస్తే ఎవరైనా అలాగే అవుతారు కదా. కానీ ఏళ్ళు గడిచినా అతనికి ఇచ్చే పని అదే. 2017 క్రాసోవర్ చివర్లో బ్యారీ పెళ్ళికి పంతులు కావాల్సి వస్తే డిగుల్‌ని మోసుకొస్తారు, అతను వచ్చీ రావడంతోనే పక్కకెళ్ళి కక్కుతాడు. నవ్వు వస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ ఐదో ఏడు టీవీ ముందు కూర్చున్న మనిషికి ఆ నవ్వు కింద ఒక చిన్న అవమానం కూడా తగులుతుంది.

ఇంకా పెద్ద విషయం ఉంది. 2016 క్రాసోవర్ పేరు 'ఇన్వేజన్'. అప్పటికి బ్యారీ కాలంలో వెనక్కి వెళ్ళి చనిపోయిన తన తల్లిని కాపాడుకున్నాడు, మళ్ళీ అన్నీ సరిచేయబోయాడు. సరిగ్గా సరికాలేదు. ఎవరెవరి జీవితాలో మారిపోయాయి. డిగుల్‌కి సారా అనే కూతురు ఉండేది. బ్యారీ చేసిన మార్పు తర్వాత ఆ పాప పుట్టనే లేదు, ఆమె బదులు ఒక కొడుకు ఉన్నాడు. ఆ సంగతి డిగుల్‌కి తెలిసేది ఈ క్రాసోవర్‌లో, ఫ్లాష్ వాళ్ళ గంటలో. ఒక తండ్రికి "నీకు ఒక కూతురు ఉండేది, ఇప్పుడు లేదు, నీకు గుర్తు కూడా లేదు" అని చెప్తున్నారు. దీని మీద ఒక సీజన్ మొత్తం నడపొచ్చు. వాళ్ళు ఏం చేశారు? డిగుల్‌కి కోపం వచ్చింది, గ్రహాంతరవాసులు వచ్చారు, యుద్ధం అయ్యింది, అయిపోయింది. తన సొంత సీరియల్‌కి వెళ్ళాక ఆ కూతురి మాట దాదాపు వినబడదు. 2020లో 'ఆరో' ఆఖరి ఎపిసోడ్‌లో, ప్రపంచం మళ్ళీ మారాక, ఆ పాప తిరిగి కనిపిస్తుంది. మధ్యలో మూడేళ్ళకి పైగా ఆ తండ్రి ఏం అనుభవించాడో మనకి చూపించలేదు. ఎందుకంటే గాయం ఒక ఇంట్లో తగిలింది, మందు రాయాల్సింది ఇంకో ఇల్లు. మధ్యలో ఎవరూ కబురు చేరవేయలేదు.

ఇదే 'ఇన్వేజన్'లో ఇంకో సీన్ కూడా మాకు గొంతు దిగదు. బ్యారీ చేసిన పని అందరికీ తెలిసిపోతుంది. అందరూ అతని మీద నమ్మకం పోయిందంటారు. ఆలివర్ ఒక్కడే అతని పక్కన నిలబడతాడు. సరే, నమ్మకం పోవడం న్యాయమే, తప్పు తప్పే. కానీ ఆ గదిలో 'లెజెండ్స్' బృందం కూడా ఉంది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరగడమే వాళ్ళ వృత్తి! చరిత్రని సరిచేస్తామని వెళ్ళి ఏదో ఒకటి విరగ్గొట్టకుండా వాళ్ళకి వారం గడవదు. వాళ్ళలో ఒక్కరైనా "మేమూ ఇదే చేశాం, ఎంత కష్టమో మాకు తెలుసు" అని బ్యారీ పక్కన గట్టిగా నిలబడాలి కదా. వాళ్ళ సీరియల్ చూసేవాళ్ళు అది ఊహిస్తారు. ఈ గంట రాసినవాళ్ళకి మాత్రం బ్యారీ ఒంటరి అవ్వాలి, అతనికి ఆలివర్ ఒక్కడే తోడుండాలి. అంచేత మిగతావాళ్ళకి మతిమరుపు వచ్చేసింది.

న్యాయంగా చెప్పాలంటే సిస్కో విషయం అదే క్రాసోవర్‌లో బాగా చేశారు. అన్న డాంటే చావుకి బ్యారీయే కారణమని నెలల తరబడి మొహం తిప్పుకుని తిరిగిన సిస్కో, తాను కూడా 1951కి వెళ్ళి, అక్కడ తాను చేసిన పని వల్ల కూడా పర్యవసానాలు వచ్చాయని చూసి మెత్తబడతాడు. ఇక్కడ క్రాసోవర్ కథే అతని మనసుని మార్చింది. అంటే చేతకాక కాదు. చేయాలనుకున్న చోట చేశారు.

చేతనవుతుందనడానికి మొదటి క్రాసోవరే సాక్ష్యం. 2014 డిసెంబర్ 2న ఫ్లాష్ గంట, మర్నాడు ఆరో గంట. ఆలివర్ బ్యారీ ఊరికి వెళ్తాడు. చుట్టపు చూపుగా వెళ్ళాడు కదా అని నవ్వులు చిందించడు. శిక్షణ ఇస్తానని చెప్పి బ్యారీ వీపులో రెండు బాణాలు దించుతాడు, "చుట్టూ చూసుకోవడం నేర్చుకో" అని. అది ఆలివరే, ఇంకెవరూ అలా చేయరు. మర్నాడు బ్యారీ ఆలివర్ ఊరికి వస్తాడు. అక్కడ ఆలివర్ ఒక మనిషిని హింసించి సమాచారం రాబట్టడం చూసి అతని మొహం మాడిపోతుంది. ఇదేంటి, మనం మంచివాళ్ళం కదా అంటాడు. ఆ రెండు గంటల్లో అసలు గొడవ విలన్‌తో కాదు. ఇద్దరు మంచివాళ్ళకి మంచి అంటే ఏమిటో వేరువేరుగా తెలుసు, ఆ తేడానే కథ. చివర్లో ఊరంతా పెట్టిన ఐదు బాంబులని ఒకేసారి ఆపాలి. బ్యారీ ఒక్కడే పరిగెత్తి ఆపలేడు. అందుకని రెండు జట్ల మనుషులని ఒక్కొక్కరిని ఒక్కో బాంబు దగ్గరికి చేరుస్తాడు, అందరూ ఒకే క్షణంలో తీగ కత్తిరిస్తారు. ఎవరి శక్తీ తగ్గించలేదు, ఎవరినీ బొమ్మలా నిలబెట్టలేదు. ప్రతివాడికీ పని దొరికింది.

ఇక్కడ శక్తుల గురించి ఒక మాట. చాలామంది మిత్రులు "క్రాసోవర్‌లో బ్యారీ ఎందుకంత నెమ్మదిగా ఉంటాడు" అని నవ్వుతుంటారు. నిజమే. తన సీరియల్లో కాలాన్నే దాటి పరిగెత్తేవాడు, పదిమంది హీరోలు పక్కనుంటే మామూలు గూండా చేతిలో కూడా దెబ్బ తింటాడు. సూపర్‌గర్ల్ కారా కొండలు పిండి చేసే మనిషి, ఆమె వచ్చిందంటే ఏదో ఒక క్రిప్టోనైట్ దొరకాల్సిందే. లేకపోతే పక్కన బాణాలు పట్టుకుని నిలబడ్డ ఆలివర్‌కి పనేం ఉంటుంది? ఇది మాకు పెద్ద తప్పుగా అనిపించదు. కబడ్డీలో బలమైనవాడిని కాసేపు బయట కూర్చోబెడితేనే ఆట సాగుతుంది. బలం తగ్గించినా ఓర్చుకుంటాం. బుద్ధి తగ్గిస్తేనే బాధ.

బుద్ధి తగ్గించడం అంటే 2017 నాటి 'క్రైసిస్ ఆన్ ఎర్త్-ఎక్స్'లో ఫెలిసిటీకి చేసింది. ఆలివర్ పెళ్ళి చేసుకుందామంటాడు. ఆమె వద్దంటుంది. అందుకు ఆమె కారణాలు ఆమెకున్నాయి. వాళ్ళ పెళ్ళి మాట ఒకసారి చెడింది, అదీ ఆలివర్ దాచిన కొడుకు సంగతి వల్ల. నాలుగు గంటల కథలో ఆమె ఆ మాట మీదే ఉంటుంది. చివరి నిమిషాల్లో మార్టిన్ స్టైన్ అంత్యక్రియలు అయిపోయి, బ్యారీ, ఐరిస్ చెట్ల మధ్య నిలబడి ఆగిపోయిన పెళ్ళి పూర్తి చేసుకుంటుంటే, ఫెలిసిటీ మధ్యలో దూరి "మాకూ చేసేయండి" అంటుంది. ఒక ఆడమనిషి ఇన్నాళ్ళు పట్టుకున్న మాటని, ఇంకొకరి పెళ్ళి పీటల మీద, రెండు నిమిషాల్లో తిప్పేశారు. బ్యారీ, ఐరిస్‌ల అభిమానులకి వాళ్ళ పెళ్ళి సగమే దక్కింది. ఫెలిసిటీ అభిమానులకి ఆమె పెళ్ళి దక్కింది, ఆమె దక్కలేదు. ఎవరికి లాభం ఇది? మన ఊళ్ళో ఇలా ఎవరైనా చేస్తే పెద్దమనుషులు నెల రోజులు చెప్పుకుంటారు.

ఆ కొడుకు సంగతి అన్నాం కదా, అది పుట్టింది కూడా క్రాసోవర్ గొడవలోనే. 2015లో ఆలివర్‌కి విలియం అనే కొడుకున్నాడని బయటపడేది, ఫెలిసిటీ తెలుసుకుని విడిపోయేది, బ్యారీ కాలంలో వెనక్కి వెళ్ళాక అదంతా చెరిగిపోయేది, అన్నీ వాండల్ సావేజ్ అనే విలన్‌తో యుద్ధం మధ్యలోనే. చెరిగిపోయాక ఆలివర్ మళ్ళీ దాచడానికే ఒప్పుకుంటాడు. ఆ సీజన్లోనే అదే నిజం బయటపడి అదే మనిషి వదిలి వెళ్ళిపోతుంది. అదే క్రాసోవర్‌లో కెండ్రా అనే అమ్మాయి కూడా ఉంది. కాఫీ షాపులో పనిచేసేది, సిస్కోతో స్నేహం. హఠాత్తుగా రెక్కలొచ్చి, వేల ఏళ్ళ నుంచి మళ్ళీ మళ్ళీ పుడుతున్న యోధురాలని తేలి, కొత్త సీరియల్‌కి బయల్దేరిపోతుంది. 2016 జనవరిలో 'లెజెండ్స్' మొదలవ్వాలి, దానికి మనిషి కావాలి. ఆ రెండు గంటలూ నిజానికి కొత్త సీరియల్‌కి కట్టిన తోరణం. సిస్కో మనసు ఏమైందని ఎవరూ పెద్దగా అడగలేదు.

ఇప్పుడు ఎందుకిలా జరుగుతుందో చూద్దాం. ఒక్కో సీరియల్‌కి ఒక్కో రచయితల గది ఉంటుంది. ఏడాదికి ఇరవై రెండు, ఇరవై మూడు ఎపిసోడ్లు రాయాలి. ఆలివర్‌ని ఆరో గదిలో వాళ్ళు రోజూ మోస్తారు, అతను ఏ మాటకి ఎలా ఉలిక్కిపడతాడో వాళ్ళకి తెలుసు. ఫ్లాష్ గదిలో వాళ్ళకి ఆలివర్ అంటే ముక్కోపి, నవ్వని మనిషి, విల్లు. ఆ మూడు ముక్కలతోనే అతన్ని రాస్తారు. అలాగే ఆరో గదిలోవాళ్ళకి బ్యారీ అంటే వేగం, అమాయకత్వం. చుట్టంగా వచ్చినవాడు ఎప్పుడూ మూడు ముక్కల మనిషే. దానికి తోడు షూటింగులు. వాంకూవర్‌లో ఈ సీరియళ్ళన్నీ ఒకేసారి నడుస్తుంటే నటులు ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కి తిరగాలి. ఒక నటుడు ఉన్న రోజునే అతని సీన్లన్నీ తీయాలి. అలాంటప్పుడు "ఈ మాట డిగుల్ అనడు" అని ఆగి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

అందుకే కాబోలు, మా లెక్కలో క్రాసోవర్లన్నిట్లో మంచి గంట అసలు క్రాసోవర్‌లా ఉండని గంట. 2016లో వచ్చిన 'ఆరో' నూరో ఎపిసోడ్. గ్రహాంతరవాసులు ఆలివర్‌నీ, థియానీ, డిగుల్‌నీ, సారానీ, రేనీ పట్టుకెళ్ళి ఒక కలలో పడేస్తారు. ఆ కలలో పడవ మునగలేదు, అమ్మానాన్నా బతికే ఉన్నారు, లారెల్‌తో ఆలివర్ పెళ్ళి రేపే. అక్కడే ఉండిపోవాలని థియా అంటుంది. ఆమెని తప్పుపట్టలేం. చనిపోయిన అమ్మ ఎదురుగా కూర్చుంటే ఎవరు లేచి వస్తారు? ఫ్లాష్, సూపర్‌గర్ల్ ఆ గంటలో పక్కన ఎక్కడో ఉంటారు. తమ మనుషులని తామే రాసుకున్నారు ఆరో వాళ్ళు. అందుకే నాలుగేళ్ళ కథ ఆ ఒక్క గంటలో కళ్ళ ముందు నిలబడింది.

2018 'ఎల్స్‌వర్ల్డ్స్' గురించి ఎక్కువ చెప్పం. ఆలివర్, బ్యారీ ఒకరి జీవితంలో ఒకరు నిద్ర లేస్తారు. సరదాగా ఉంది, నాలుగేళ్ళ కిందటి బాణాల బాకీ బ్యారీ తీర్చుకోవడం అయితే అందరం విజిల్ వేశాం. ఆలివర్ అప్పుడే జైలు నుంచి బయటికొచ్చాడన్న సంగతి మాత్రం ఆ సరదాలో చాలావరకు కొట్టుకుపోయింది. అక్కడే ఇంకో వేగగాడు డిగుల్‌ని చూసి "ఉంగరం పెట్టుకోలేదేం" అంటాడు. అంటే డిగుల్ గ్రీన్ లాంటర్న్ కాబోతున్నాడని సూచన. 2020లో ఆకుపచ్చ వెలుగు చిమ్మే పెట్టె కూడా అతనికి దొరికింది. ఇక చూడండి, 2021లో ఆ పెట్టె బరువు మోసుకుంటూ డిగుల్ ఈ సీరియల్ నుంచి ఆ సీరియల్‌కి తిరిగాడు. ప్రతి ఇంట్లో ఒక తలనొప్పి సీన్, ఒక సగం మాట. చివరికి 2023లో, ఫ్లాష్ ఆఖరి సీజన్లో, కుటుంబం కోసం ఆ శక్తి వద్దనుకున్నానని మాటల్లో తేల్చేశారు. సొంత ఇల్లు మూతపడ్డ మనిషి గతి ఇది. ప్రతివాళ్ళూ భోజనం పెట్టారు, ఎవరూ ఉండమనలేదు.

"అరే, సరదా కోసం తీసినవి, ఇంత సీరియస్ ఎందుకు" అని కొందరు తమ్ముళ్ళు అంటారు. మేమూ సరదాగానే చూస్తాం. కానీ ఈ సీరియళ్ళు మనల్ని పట్టుకున్నది యుద్ధాలతో కాదు. గ్రాఫిక్స్ చూడాలంటే వీటి కన్నా పెద్ద సినిమాలు బోలెడున్నాయి. వారం వారం ఒక మనిషిని దగ్గరగా చూసే అవకాశం ఉందని చూశాం. ఆ ఒప్పందం వాళ్ళే పెట్టారు. అలాంటప్పుడు "ఈ రెండు గంటలూ మాత్రం గుర్తుపెట్టుకోకండి" అంటే కుదరదు.

2019-20లో వచ్చిన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ఐదు గంటలది. 1985-86లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరేజ్ చేసిన పన్నెండు సంచికల కామిక్స్‌కి టీవీ రూపం. ఆరో గంటకి వుల్ఫ్‌మన్ కూడా కలం కలిపాడు. ఈ కుటుంబం మొత్తానికి పెద్దకొడుకైన ఆలివర్ మొదటిసారి చనిపోయింది ఎక్కడో తెలుసా? సూపర్‌గర్ల్ గంటలో. ఎనిమిదేళ్ళు అతని వెనక నడిచిన డిగుల్ ఆ పక్కన లేడు. తర్వాత బతికించి, ఇంకో రూపం ఇచ్చి, ఆరో గంటలో మళ్ళీ చంపారు. రెండో చావు దగ్గరైనా బ్యారీ, సారా ఉన్నారు. అది కొంత నయం. ఆఖర్న పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చుని, ఆలివర్ కుర్చీ ఖాళీగా ఉంచుతారు. ఇకపై అందరూ ఒకే భూమి మీద ఉంటారన్నారు. తర్వాత కోవిడ్ వచ్చి షూటింగులు ఆగాయి, నిజమే. అయినా ఒకే భూమి మీదున్నవాళ్ళు ఊరు తగలబడుతున్నా ఒకరికొకరు ఫోన్ చేసుకోకపోవడం మాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనవాళ్ళు కోట్లమంది చూసిన క్రాసోవర్ ఒకటుంది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. జీవితంలో ఎప్పుడూ కలవని ఇద్దరు మనుషులు, ఇద్దరి మీదా విడివిడిగా కథలున్నాయి, ఇద్దరినీ ఒక కథలో కలిపారు. కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు, ఆ స్వేచ్ఛ మీద మాకు గొడవ లేదు. నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు మేమూ ఎగిరాం. కానీ ఫెలిసిటీకి, డిగుల్‌కి జరిగిందే కొమరం భీంకి జరగలేదా? సినిమాలో భీం బలవంతుడు, అమాయకుడు, పాట బాగా పాడతాడు. మూడు ముక్కలు. ఆలోచన, ప్రణాళిక, చదువు అన్నీ రామరాజు వైపు. ఆఖర్న భీం చదువు అడిగితే రామరాజు 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. మన పెద్దలు ఏళ్ళుగా చెప్పుకునే భీం వేరు. ఊరు విడిచి వెళ్ళిన రోజుల్లో అక్షరాలు, భాషలు నేర్చుకుని, తిరిగొచ్చి గోండు, కోలాం గూడేలని ఒకటి చేసి, నిజాం మీద జోడేఘాట్‌లో నిలబడి 1940లో ప్రాణమిచ్చిన మనిషి. ఆ నినాదం అతని పేరు మీద నిలిచింది. దాన్ని అతనికే ఇంకొకరి చేత బహుమతిగా ఇప్పించారు. రామరాజు వైపు కూడా అంతే. 1922 నుంచి 24 వరకు మన్యంలో అతని వెంట నడిచిన గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ కథలో ఎక్కడున్నారు? మల్లు దొర తర్వాత 1952లో లోక్‌సభకి కూడా ఎన్నికయ్యాడు.

ఇది కావాలని చేసిన ద్వేషం అని మేం అనం. భీంని రోజూ మోసే గది వాళ్ళకి లేదు. అంతే జరిగింది.

మరి మన సంగతి? ఆగస్టు 9కి బిర్సా ముండా, రాంజీ గోండ్, కొమరం భీం, గంటం దొర అందరినీ ఒకే వేదిక మీదికి తెచ్చి నాటిక వేద్దామని రెండు మూడు చోట్ల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు స్క్రిప్టులు మొదలుపెట్టారు. మాకు చూపించిన ఒకదాంట్లో నలుగురూ ఒకే మాట మాట్లాడుతున్నారు. పేర్లు తీసేస్తే ఎవరి డైలాగ్ ఎవరిదో చెప్పలేం. రాంజీ గోండ్‌ని నిర్మల్‌లో ఉరితీసింది 1860లో. బిర్సా రాంచీ జైల్లో చనిపోయింది 1900లో, పాతికేళ్ళు నిండకుండానే. భీం ఊపిరి వదిలే నాటికి ఇంకో నలభై ఏళ్ళు గడిచాయి. వీళ్ళు కలిస్తే మొదట ఒకరినొకరు ఏం అడుగుతారు? బిర్సా తన మనుషులకి ఒక కొత్త నమ్మకాన్ని చెప్పినవాడు. భీం పన్నెండు గూడేల మీద హక్కు అడిగి, అధికారులతో మాట్లాడి చూసి, అది కుదరక తుపాకీ పట్టినవాడు. ఇద్దరూ అన్ని విషయాల్లో ఒప్పుకుంటారా? ఒప్పుకోరనే మా అనుమానం. ఆలివర్, బ్యారీలకి 2014లో ఉన్న గొడవ లాంటిది వీళ్ళ మధ్య రాస్తే ఆ నాటిక నిలబడుతుంది.

కాబట్టి ఒక ప్రతిపాదన. భీం మాటలు ఆసిఫాబాద్ వైపు గోండు మిత్రులు రాయాలి. గంటం దొర మాటలు మన్యం వైపు కోయ, కొండదొర మిత్రులు రాయాలి. బిర్సా కోసం మనకి తెలిసిన ముండా విద్యార్థులు ఎవరైనా హైదరాబాద్‌లోనో, ఢిల్లీలోనో చదువుతుంటే వాళ్ళకి పంపి, "ఈ మాట మీ బిర్సా అంటాడా" అని అడగాలి. కాదంటే కొట్టేయాలి, చప్పట్లు పడే డైలాగ్ అయినా సరే. జూలై మొదటి వారానికల్లా రాత పూర్తయితే రిహార్సల్‌కి నెల దొరుకుతుంది. స్క్రిప్టు ఉన్నవాళ్ళు మా నలుగురిలో ఎవరికైనా పంపండి, చదివి రెండు రోజుల్లో తిరిగి ఇస్తాం. డిగుల్ వేషం వేస్తానని ఇప్పటికే ఇద్దరు అడిగారు. నాటికలో డిగుల్ లేడని వాళ్ళకి ఎవరైనా చెప్పండి.